చాప పక్కన దీనమ్మ చోటు

పేరు దీనమ్మ గానీ, ఆ మనిషిలో దీనత్వం చూసినవాళ్ళు ఎర్రగుంటపాలెంలో ఎవరూ లేరు. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే ఆ ఊరు వస్తుంది. ఊరి చివర చర్చి, చర్చి ముందు నుంచి ఒక సందు, సందుకు అటూ ఇటూ ఇళ్ళు. ఆ సందులో ఎవరి బిడ్డకు తట్టు పోసినా, ఆటలమ్మ పోసినా, గవదబిళ్ళలు లేచినా ముందుగా వినపడే మాట ఒకటే.

"దీనమ్మను పిలుచుకోని రాపోండి."

దానికి కారణం ఉంది. ఆమెకు ఏడేళ్ళప్పుడు తట్టు పోసింది. అదే వారంలో తమ్ముడు యోబుకూ పోసింది. వాళ్ళమ్మ ఇద్దరినీ ఒకే చాప మీద, వేపాకు పరిచి పడుకోబెట్టింది. ఆ తర్వాతి ఏడు దీనమ్మకు ఆటలమ్మ, ఆ పై ఏడు గవదబిళ్ళలు. "దీనికి అన్నీ అయిపోయినాయి, ఇంక జన్మలో ఏదీ రాదు" అని వాళ్ళ అవ్వ తేల్చేసింది. ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, తట్టు పోసిన ఇంట్లో మిగతా పిల్లల్ని చుట్టాల ఇంటికి తరిమేస్తారు. పోసిన బిడ్డ పక్కన, అదివరకే పోసి తేరుకున్న మనిషి కూర్చుంటుంది. అట్లా దీనమ్మ పావడా కట్టుకునే వయసు నుంచే ఊళ్ళో పిల్లల చాపల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

కూర్చుంటే ఇల్లు ఆమె చేతిలోకి పోయేది. గుమ్మానికి వేపమండ కట్టేది. వంటింట్లో తాలింపు వాసన వస్తే ఊరుకునేది కాదు. కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేసేది. రాగిజావ చల్లార్చి చెంచాతో తాపేది. బిడ్డ చెయ్యి ఒంటి మీదికి పోతే చాలు, "గోక్కున్నావంటే చేతులు కట్టేస్తా" అని గద్దించేది. ఎన్నడూ ఎవరి చేతులూ కట్టలేదు. బిడ్డకు ఊపిరి ఎగబోస్తే మాత్రం వేపాకు మాట ఎత్తేది కాదు, ఆటో పిలవమని అరిచేది.

చర్చి అయ్యగారికి ఈ వేపమండలు నచ్చేవి కావు. "అమ్మా, అది అన్యుల ఆచారం" అని ఒకసారి నచ్చజెప్పబోయాడు.

"అయ్యగారూ, వేపచెట్టును చేసింది దేవుడే గదా. ఆకు కోసుకుంటే ఆయనకెందుకు కోపం వస్తాది?" అంది దీనమ్మ.

ఆ తర్వాత అయ్యగారి చిన్న కూతురికే తట్టు పోసింది. దీనమ్మకు కబురొచ్చింది. పాస్టరుగారి ఇంటి గుమ్మానికి వేపమండ ఎవరు కట్టారో ఆ ఆదివారం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బతుకు తెరువుకు ఆమె చేసే పని వేరే. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోయి రాతిపలకలకు చెక్క చట్రాలు బిగించేది. అక్కడ పని లేనప్పుడు కూలికి పోయేది. భర్త స్టీఫెన్ కూడా కూలి మనిషే. నెమ్మదస్తుడు. ఒక్కతే కూతురు, పొదిలిలో ఇచ్చారు. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, పక్క గదిలో తమ్ముడు యోబు. యోబు నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. సందులో పిల్లలు ఎదురైతే పక్కకు తప్పుకుని పోయే రకం.

అట్లా నడుస్తున్న సంసారంలో ఒక ఏడాది దీనమ్మ ఒంటి మీద, దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు లేచాయి. పళ్ళు తోముకుంటే నెత్తురు. నాలుగు చట్రాలు బిగించేసరికి ఆయాసం. ఊరి డాక్టరు రక్తం తక్కువని టానిక్కు ఇచ్చాడు. టానిక్కు సీసాలు మారాయి గానీ మచ్చలు పోలేదు. ఒంగోలు పోయారు. వాళ్ళు చూసీ చూడగానే హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడ పెద్దాసుపత్రిలో రక్త క్యాన్సరని తేల్చారు. ఎముకల్లో రక్తం తయారు చేసే మూలుగ చెడిపోయింది, దాన్ని మందులతో పూర్తిగా తుడిచేసి ఇంకొకరి మూలకణాలు ఎక్కించాలి అన్నారు. యోబువి అచ్చంగా సరిపోయాయి.

సూదిని చూస్తే మొహం తిప్పుకునే యోబు మారు మాట్లాడకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మూలకణాలు రక్తంలోకి దిగాలని ముందు కొన్నాళ్ళు సూదులు వేశారు. ఆనక మిషను పక్కన పడుకోబెట్టి పొద్దంతా తీశారు. నడుము విరిగిపోతుందని ఒక్క మాట అన్నాడు, అంతే. దీనమ్మ బతికింది. ఆమె రక్తం గ్రూపు కూడా తమ్ముడి గ్రూపుకు మారిపోయింది. "నాలో ఇప్పుడు పారేది యోబు రక్తం" అని ఫోనులో సందంతటికీ చెప్పుకుంది. అయితే ఇంక నోరు తగ్గుతుందేమోనని సందు ఆశపడింది గానీ, అట్లాంటిదేమీ జరగలేదు.

బతికి వచ్చిన బతుకు మాత్రం మునుపటిది కాదు. కాచి చల్లార్చిన నీళ్ళు. పచ్చి కూర, కోసిపెట్టిన పండు ముట్టకూడదు. పలకల దుమ్ము పడదు కాబట్టి ఫ్యాక్టరీ మాట మర్చిపోవాల్సిందే. చర్చికి పోతే వెనక బెంచీలో మాస్కుతో కూర్చోవాలి. అందరూ పెదవి ఆనించే ప్రభురాత్రి భోజనపు గిన్నె వద్దని, అయ్యగారే ముందుగా ఆమెకు వేరే స్టీలు గ్లాసులో పోసి ఇచ్చేవాడు. అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదన్నారు. సందులో పిల్లలు గుమ్మం దాకా వచ్చి, వాళ్ళమ్మల కేక విని వెనక్కి తిరిగిపోయేవారు. ముందుగది కిటికీ దగ్గర కూర్చుని చూస్తుంటే దీనమ్మకు ఏడుపొచ్చేది. ప్రాణం మిగిలింది గానీ తను ఎందుకు పనికొస్తుందో అది మిగల్లేదు అనిపించేది.

ఏడాది దాటాక ఆసుపత్రిలో టీకాలు మొదలుపెట్టారు. పసిపిల్లలకు వేసేవన్నీ ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ వేశారు. తట్టు టీకా ఒక్కటి మాత్రం పక్కన పెట్టారు. అందులో ఉండేది ప్రాణమున్న క్రిమి, బలహీనమైనదే అయినా ఇప్పుడే వద్దు, మార్పిడి జరిగి రెండేళ్ళు నిండాలి అన్నారు. ఒకసారి రక్తం తీసి పంపాక ఆసుపత్రి నుంచి నర్సు స్టెల్లా ఫోన్ చేసింది. స్టెల్లాది గిద్దలూరు. మనవైపు పిల్ల అని దీనమ్మకు ఆమె మీద ఒక చనువు.

"దీనమ్మా, ధనుర్వాతం టీకా బాగా పట్టింది. తట్టుకు మాత్రం నీ రక్తంలో యాంటీబాడీలు లేవు. అంటే అడ్డుకునేది ఏదీ లేదు. టీకా వేసేదాకా తట్టు పోసిన పిల్లల దగ్గరికి పోబాక."

దీనమ్మకు నవ్వొచ్చింది. "మీ మిషనుకు ఏందో అయినట్టుంది సిస్టరమ్మా. నాకు చిన్నప్పుడే పోసింది."

"పోసింది. ఆ సంగతి గుర్తుపెట్టుకున్న కణాలన్నీ మందులకు పోయినాయి గదా."

"పోతే పోనీ. ఇప్పుడుండేవి మా తమ్మునివి. వానికీ పోసింది. ఒకే చాప మీద పండుకున్నాం ఇద్దరం. కావాలంటే వాణ్ణే అడుగు."

స్టెల్లా ఓపికగా చెప్పింది. "తమ్ముని దగ్గర్నుంచి కొంచెం వచ్చినా అది నిలబడలా. కొత్త ఊరికి కూలికి వచ్చినోళ్ళు అనుకో. చేతులు మంచివే, ఏది పైరో ఏది కలుపో వాళ్ళకింకా తెలీదు. టీకా వేసి చూపియ్యాల."

దీనమ్మ ఊఁ కొట్టి ఫోను పెట్టేసింది. "చదువుకున్న పిల్లే గానీ చిన్నది పాపం. చాప సంగతి ఆ పిల్లకేం తెలుసు" అంది స్టీఫెన్‌తో. చర్మం మారితే గుర్తు పోవచ్చు గానీ, తట్టు పోసిన ఒళ్ళు రెండు కలిసిన చోట తట్టు మళ్ళీ ఎట్లా వస్తుందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాని మాటను నమ్మే అలవాటు ఆమెకు మొదటి నుంచీ లేదు.

ఆ ఏడు గుంటూరు వైపు మిరపకోతలకు పోయిన కుటుంబాలు ఒక్కొక్కటే తిరిగొస్తున్న రోజుల్లో, ఎదురింటి కృపారాణి కొడుకు వెస్లీకి తట్టు పోసింది. ఐదేళ్ళవాడు. వాడికి తట్టు టీకా వేయాల్సిన రెండుసార్లూ వాళ్ళమ్మానాన్నలు మిరపచేలల్లో ఉన్నారు. మొగుడు ఇంకా గుంటూరు దగ్గరే ఉన్నాడు. కృపారాణి చంకలో నాలుగు నెలల చంటిది. ఆమె పొద్దున్నే దీనమ్మ కిటికీ ముందుకు వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, వెస్లీకి ఒళ్ళంతా పోసింది. వాని దగ్గర కూచుంటే చంటిదానికి అంటుకుంటాదేమోనని భయంగా ఉండాది. ఎవర్ని పిలుచుకునేది? నువ్వు రావద్దులే, నీకు బాగలేదు గదా. ఎవరైనా ఉంటే చెప్పు."

నువ్వు రావద్దులే. ఆ పిల్ల మంచికే అంది. ఆ పిల్లకు తట్టు పోసినప్పుడు చాప పక్కన కూర్చున్నదీ దీనమ్మే. కానీ ఆ మాట దీనమ్మకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. "ఎవర్నో పిలవడమెందుకు? నాకు పోసింది, నాలో ఉండేవానికీ పోసింది. పద" అని చెప్పులు తొడుక్కుంది. స్టీఫెన్ అప్పటికే కంది కోతకు పోయాడు, యోబు ట్యాంకరు తీసుకుని పోయాడు. ఆపేవాళ్ళు ఇంట్లో లేరు.

మాస్కు పెట్టుకునే లోపలికి పోయింది. ఎర్రబడిన కళ్ళతో వెస్లీ ఆ మాస్కును చూసి దడుచుకుని ఏడ్చాడు. ఇంక చేసేదేముంది, దీనమ్మ మాస్కు తీసి కొంగున ముడేసుకుంది. వాడు ఆమె మోచేతికి మొహం ఆనించి నిద్రపోయాడు. వాడి వేడి ఊపిరి చేతి మీద తగులుతుంటే ఆమెకు ఎన్నాళ్ళుగానో లేనంత సంతోషం కలిగింది. తట్టు పోసిన బిడ్డ పక్కన కూర్చుని సంతోషపడటమేమిటని తనకే సిగ్గేసింది గానీ, సంతోషం మాత్రం ఆగలేదు.

సాయంత్రం స్టీఫెన్ వస్తూ వస్తూ కృపారాణి గుమ్మం ముందు భార్య చెప్పులు చూశాడు. అరవలేదు. "దీనా, బయటికి రా" అన్నాడు. ఆమె వచ్చి అతని మొహం చూసి నోరు మూసుకుంది. అట్లాంటిది ఆ సందులో అదే మొదటిసారి. అతను అక్కడికక్కడే స్టెల్లాకు ఫోన్ చేశాడు. సంగతి చెప్పాడు.

"అన్నా, తట్టు గాల్లో వస్తాది. ముట్టుకోనక్కర్లా. ఊపిరితిత్తులకు దిగిందంటే ఆమె ఒంట్లో ఆపేవాళ్ళు ఎవరూ లేరు. వచ్చే బస్సుకే బయలుదేరండి, ఆమెకు మందు ఎక్కియ్యాల్సింది ఉండాది" అంది స్టెల్లా.

ఫోను జేబులో పెట్టుకుని స్టీఫెన్ ఒక్క మాటే అన్నాడు. "నువ్వు లోపల ఉన్నన్నాళ్ళు ఆ ఆసుపత్రి మెట్ల మీద పండుకున్నా. ఇంకోసారి నావల్ల కాదు దీనా." చాప సంగతి చెబుదామని దీనమ్మకు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఇంట్లోకి పోయి సంచి సర్దుకుంది.

యోబు కూడా వెంట వచ్చాడు. హైదరాబాదులో ఆమెకు సీసాలో మందు వేలాడదీసి నరంలోకి ఎక్కించారు. రక్తదానం చేసిన వేలమంది నుంచి తీసిన యాంటీబాడీలు అవి. "ఇవి ఇంకొకరివి. మీకు కొన్నాళ్ళు కాపలా కాసి పోతాయి. ఇవి ఉన్నంతకాలం టీకా వేసినా పట్టదు, కాబట్టి మీ తట్టు టీకా ఇంకొన్ని నెలలు వెనక్కి పోయింది. ఇంతా చేసి, తట్టు రాదని మాట ఇవ్వలేను. రెండు మూడు వారాలు ఎవరినీ కలవకుండా గదిలో ఉండండి" అని డాక్టరమ్మ చెప్పింది.

దీనమ్మ మంచం మీద నుంచే యోబు వైపు వేలు చూపించింది. "వీనికుండాయా ఆ యాంటీబాడీలు?"

అడిగింది కదా అని యోబు రక్తం కూడా తీసి పంపారు. మర్నాడు స్టెల్లా వచ్చి చెప్పింది, నిండుగా ఉన్నాయని. దీనమ్మ తమ్ముడి వైపు, మిఠాయి దాచుకుని తిన్నవాణ్ణి చూసినట్టు చూసింది.

"అన్నీ ఇచ్చినావనుకున్నా గదరా. ఇది నీ దగ్గరే పెట్టుకున్నావా?"

"నేనేం చేసేది అక్కా. మిషనుకు పెట్టినారు. అదెంత గుంజుకుంటే అంత" అన్నాడు యోబు.

స్టెల్లా మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. దీనమ్మకు నవ్వు రాలేదు. ఒకే చాప మీద పోసిన తట్టు తమ్ముడిలో ఉండిపోయింది, తనలో లేకుండా పోయింది. ఆ సంగతి అప్పటికి ఆమె తలకెక్కింది. తిరుగు బస్సు దోర్నాల అడవి దారి పట్టింది. దీనమ్మ ముందు సీట్లో కూర్చున్న యోబు భుజం తట్టింది.

"అయితే నువ్వు పో."

"యాడికి?"

"వెస్లీ దగ్గరికి. నీకుండాయి గదా."

యోబు వెనక్కి తిరిగి బావ మొహం చూశాడు, కాపాడతాడేమోనని. స్టీఫెన్ కిటికీలోంచి అడవి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రెండు రోజులూ కృపారాణి చంటిదాన్ని పక్కింట్లో వదిలి కొడుకు దగ్గర కూర్చుని, పాలివ్వడానికి స్నానం చేసి పరుగెత్తి, ఏడ్చి ఏడ్చి ఉంది. పెద్దమ్మకు ఏమన్నా అయితే ఆ పాపం తనదేనని ఆ పిల్ల భయం. ట్యాంకరు డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడి, "అక్క పంపించింది" అంటే ఆమె కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగింది. మగవాడు తట్టు పోసిన బిడ్డ దగ్గర కూర్చోవడం ఆ సందు ఎన్నడూ ఎరగదు. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. యోబు చెవులు ఎర్రబడ్డాయి గానీ తల వంచుకుని లోపలికి పోయాడు.

దీనమ్మను స్టీఫెన్ ముందుగదిలో పెట్టి తలుపు వేశాడు. కిటికీ మాత్రం సందుకు ఎదురుగా ఉంది. అక్కడి నుంచి ఆమె కేకలు.

"రేయ్, జావ చల్లారిందా చూసినావా?"

"కిటికీకి దుప్పటి కట్టురా, వాని కండ్లకు వెలుతురు పడదు!"

"తాలింపు వాసన వస్తాంది, ఎవురింట్లో?"

యోబు దేనికీ జవాబు చెప్పేవాడు కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఏఎన్ఎం నాగరత్నమ్మ వచ్చి విటమిన్ మందు చుక్కలు వేసి, సందులో టీకా తప్పిన పిల్లలు ఇంకెవరున్నారో ఇల్లిల్లూ తిరిగి వేసిపోయింది. మూడో రోజో నాలుగో రోజో కృపారాణి ఇంట్లోంచి ఒక గొంతు ఆగకుండా వినపడటం మొదలైంది. దీనమ్మ చెవి ఒగ్గింది. యోబు! ట్యాంకరు ఏ ఊరి దగ్గర బురదలో దిగబడింది, ఏ ఊళ్ళో కుక్క టైరు వెంట పడింది, ఏ ఊళ్ళో బిందెల కోసం ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారు, అన్నీ చెబుతున్నాడు. నలభై ఏళ్ళు దాచుకున్న మాటలన్నీ ఐదేళ్ళవాడి ముందు కుమ్మరిస్తున్నాడు. వెస్లీ కిలకిలా నవ్వాడు. దీనమ్మకు సంతోషం వేసింది. దాని వెనకే కడుపు మండింది కూడా. తన చోట్లో ఇంకొకరు కూర్చుంటే ఎవరికి మండదు?

ఆ మంటను పక్కకు నెట్టే భయం ఒకటి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమెకు ఒళ్ళు వెచ్చబడింది. స్టీఫెన్ థర్మామీటరు పెట్టాడు. చెవుల వెనక, మెడ మీద, నోట్లో టార్చి వేసి చూశాడు. స్టెల్లాకు ఫోన్ చేస్తే, మచ్చ ఒక్కటి కనపడినా, దగ్గు వచ్చినా బండెక్కమంది. దీనమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. చావుకు ఆమె మునుపే సిద్ధపడి వచ్చిన మనిషి. కానీ రోగంతో చావడం వేరు, మొండితనంతో చావడం వేరు. ఆ ఆసుపత్రి మెట్లు మళ్ళీ ఈయనకు రాసిపెట్టింది తనేనా అని కుమిలిపోయింది. "నన్ను తిట్టయ్యా" అంది ఉండబట్టలేక.

"తిడితే జ్వరం పోతాదా? పండుకో" అన్నాడు స్టీఫెన్.

మర్నాటికి జ్వరం తగ్గింది. మచ్చ లేవలేదు. డాక్టరమ్మ చెప్పిన వారాలు గడిచాయి. వెస్లీ ఒంటి మీద పొట్టు రాలిపోయి, వాడు సందులోకి వచ్చి టైరు దొర్లించుకుంటూ తిరిగాడు. యోబు ట్యాంకరు పోయేటప్పుడు హారను కొడితే వాడు ఎక్కడున్నా పరుగెత్తుకుంటూ వచ్చేవాడు.

అరువు తెచ్చిన యాంటీబాడీలు ఒంట్లోంచి పోయాయనుకున్నాక, హైదరాబాదు డాక్టరమ్మ ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతో మాట్లాడి, టీకా ఊళ్ళోనే వేయించుకోమంది. టీకాల రోజున అంగన్‌వాడీ ముందు తల్లులు, చంటిపిల్లలు, వాళ్ళ మధ్య నెరిసిన జుట్టుతో దీనమ్మ. ఆమె ముందు కృపారాణి, చంకలో ఏడాది నిండిన చంటిది.

"అక్కా, ఇంత పెద్ద చేతికి ఈ సూది నేనింతవరకు వేయలా. ఏడవబాక" అంది నాగరత్నమ్మ.

"నువ్వు వెయ్యి ముందు" అంది దీనమ్మ. చంటిది సూదికి గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఏందే ఆ ఏడుపు, నేనేడ్చినానా?" అని దాన్ని గద్దించింది. అది ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూసింది.

కొన్నాళ్ళకు రక్తం పంపారు. సరిపోలేదు అని కబురొచ్చింది. కొంచెం కనపడుతున్నాయట, అడ్డుకునేంత లేవట. దీనమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. జన్మంతా ఇంక ఈ కిటికీయే అనుకుంది. సాయంత్రానికి కోపం వచ్చింది, కోపం వస్తే ఆమెకు ఆకలి కూడా వస్తుంది.

"మా తమ్ముడికి రెండో ఎక్కం రావడానికే రెండేళ్ళు పట్టింది సిస్టరమ్మా. వాని కణాలు గూడా అంతేనేమో. ఇంకోసారి చెప్పి చూడండి" అంది ఫోనులో.

రెండో సూది వేశారు. మళ్ళీ రక్తం పోయింది. ఈసారి స్టెల్లా ఫోన్ చేసినప్పుడు గొంతులోనే తెలిసిపోయింది.

"వచ్చినాయి దీనమ్మా. బాగా వచ్చినాయి. నీవే, నీ ఒంట్లో పుట్టినవే."

దీనమ్మ మిషను మీద అనుమానపడలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఏడ్చింది.

"వింటా ఉండావా? తట్టుకు ఇప్పుడు భయం లేదు. అట్లని వెతుక్కుంటా పోబాక. ఆటలమ్మకు ఇంకా ఏమీ లేదు, అది వేరే సూది, గుర్తుపెట్టుకో" అంది స్టెల్లా. దీనమ్మ మొదటి ముక్క బాగా విన్నది.

మళ్ళీ మిరపకోతలు అయ్యాయి. సందు చివరి ఇంటివాళ్ళు మూడేళ్ళుగా ఊరి మొహం చూడకుండా కోతల వెంట తిరిగి వచ్చారు. వచ్చిన వారానికే వాళ్ళ పిల్లకు జ్వరం, కళ్ళెర్రన, ఆపైన ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. నాగరత్నమ్మ చూసి తట్టేనంది. దీనమ్మ ఆ మాట విని పెరట్లోకి పోయి వేపమండ విరిచింది. సరిగ్గా అప్పుడే సందులో కేక వినపడింది.

"యోబు మామను పిలుచుకోని రాపోండి!"

ఆమె మండ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పిలిచింది తన పేరు కాదు. ముందుగదిలోకి వచ్చి, యోబు ట్యాంకరు పక్కన పెట్టి చెప్పులు టకటకలాడించుకుంటూ పోవడం కిటికీలోంచి చూసింది. వాడు ఆలోచించను కూడా లేదు. ఇంట్లో కూర్చుందామనుకుంది. స్టీఫెన్ మంచం మీద నుంచి ఆమెనూ, ఆమె చేతిలో మండనూ చూశాడు.

"మాస్కు పెట్టుకోని పో" అన్నాడు.

చివరి ఇంటి గది అప్పటికే చీకటి చేసి ఉంది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. జావ గిన్నె మూత తీసి చల్లారుతోంది. యోబు చాప పక్కన బాసిపట్లు వేసుకుని కూర్చుని ఏదో ట్యాంకరు కథలో ఉన్నాడు. గుమ్మంలో అక్కను చూసి ఆగాడు.

"నువ్వెందుకొచ్చినావ్?"

"నాకూ ఉండాయి ఇప్పుడు."

చాప మీద పిల్ల మూసుకుపోతున్న కళ్ళు బలవంతాన తెరిచి చూసింది. ఆ సందులో దీనమ్మను ఎరగని బిడ్డ ఉంటుందని ఎవరూ అనుకోలేదు. "మామా, ఎవరీమె?" అంది.

 జవాబు యోబే చెప్పాడు.

"మా అక్క. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి పోసింది. చాప అంతా తనే ఆక్రమించుకోని నన్ను నేల మీదికి నెట్టింది."

అని యోబు పక్కకు జరిగాడు. దీనమ్మ మండను గుమ్మానికి గుచ్చి, వచ్చి ఆ చోట్లో కూర్చుంది. పిల్ల చెయ్యి మెల్లగా మెడ మీదికి పోతోంది. ఆ వేడి చేతిని దీనమ్మ తన చేతిలోకి తీసుకుంది.

"గోక్కున్నావంటే చేతులు కట్టేస్తా" అంది.